పాత డిస్కులో ఉండిపోయిన చిన్న ముక్క

తిరుచానూరు,
30-6-2025, సోమవారం.

అత్తకు నవీన నమస్కారాలు.

నిన్న బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. నువ్వు కట్టిచ్చిన గుంత పొంగణాలు పూతలపట్టు దాటకముందే అయిపోయాయి, మహితకు రెండు మిగిల్చాను, తింటూ ఇంకా లేవా అమ్మా అంది. మామ బస్టాండు దాకా నన్ను తిడుతూనే వచ్చాడు. "ఇన్నేండ్లు మొండికేయకుండా నడిచిన కంప్యూటర్ మిషన్ను కోసి కుట్టేస్తివి గదా పాపా" అంటాడు. తిట్టినా బస్సు కదిలేదాకా నిలబడే ఉన్నాడు.

లాడ్జి కౌంటర్లో కూర్చుని ఫోన్లో నీకు వినపడేలా అరిస్తే యాత్రికులు బెదిరిపోతారు. అందుకే నిన్న చేసిన పనేమిటో తీరిగ్గా రాస్తున్నాను. మీ అంగడి కంప్యూటర్లో అన్నీ దాచుకునేది హార్డ్ డిస్కు. అది లోపల తిరుగుతూ ఉంటుంది, ముసలిదైపోయింది. పొద్దున ఆన్ చేసి మామ స్నానం చేసి, పూజ చేసి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉండేది. కొత్తగా పెట్టిన ఎస్‌ఎస్‌డి అనే డిస్కులో తిరిగేదేమీ లేదు. మామ పెళ్ళికార్డుల బొమ్మలు, ఆయన చేతికి అలవాటైన తెలుగు టైపింగు, అన్నీ దానిమీదికి మార్చాను. నువ్వు కుంకుమ గిన్నె తెచ్చేలోపే తెర వెలిగింది, చూశావు కదా. తెరమీద మహిత ఫొటో పెట్టింది నీకోసమే. ఆన్ చేయడం నేర్పించింది కూడా అందుకే.

ఒక్కటే మిగిలిపోయింది. పాత డిస్కు తీసేశాక, కొత్తదొక్కటే ఉండగా ఒకసారి ఆన్ చేసి చూడాల్సింది. నాలుగున్నరకు రాహుకాలం, అంతలోపే నేను గడప దాటాలని మామ స్కూటర్ తీసేశాడు. రాహుకాలంలో కొత్త వస్తువు ఆన్ చేయనిచ్చే మనుషులా మీరు. పోనీలే, రెండు డిస్కులూ ఉండగా చక్కగా మొదలైంది కాబట్టి ఏమీ కాదు.

ఆ పాత డిస్కుతో మీకిక పనిలేదు, అందుకే నాతో తెచ్చేశాను. మా లాడ్జిలో కెమెరాల పెట్టెకు డిస్కు పోయి చాలా రోజులైంది. ఎవరి చెప్పులు పోయినా ఓనరు నన్నే నిలదీస్తున్నాడు. ఈ పొద్దున రాగానే దాన్ని మొత్తం తుడిచేసి కెమెరాల పెట్టెలో బిగించాను. ఇక్కడ చేరాక ఆయన నన్ను మెచ్చుకోవడం ఇదే మొదటిసారి.

మామ ఇచ్చిన శ్రావణ మాసం పెళ్ళికార్డు హరికి ఇచ్చాను. రేపు డ్యూటీకి కొండెక్కేటప్పుడు తీసుకుపోయి సామికి అందేలా చూస్తాడు. మిగతా పార్టీల మొదటి కార్డులు కూడా అచ్చయినవి అయినట్టు ఎప్పటిలా బస్సులో పంపమను.

నీ మేనకోడలు,
నవీన


చిత్తూరు,
3-7-2025.

పాపా నవీనా,

నీ ఉత్తరం అందింది. నా ఉత్తరం కార్డుల కట్టలో పెట్టి బస్సులో పంపడం మనకు అలవాటు. ఈసారి కార్డులు లేవు, అందుకే పోస్టులో వేస్తున్నాను. మిషను పనిచేయడం లేదు. మామ నీకు ఫోన్ చేశానన్నాడు. నువ్వు ఏమన్నావో ఆయన చెప్పాడు గాని సగమే వినపడింది. "పాప వచ్చి సూస్తాదంట, ఎవురినీ తాకనీయొద్దనింది" అన్నది మాత్రం వినపడింది. పక్కవీధిలో కంప్యూటర్లు బాగుచేసే మనిషి తనంతట తానే వచ్చి అడిగాడు. ఆయన్ను మామ గడప కూడా ఎక్కనీయలేదు. "మా పాప పెట్టిన వస్తువు, మా పాపే సూస్తాది" అని పంపించేశాడు.

ఇప్పుడు నేను రాసేది నువ్వొక్కదానివే చదువుకో. మొగుడే గదా అని హరినాథ్‌కు కూడా చూపించవద్దు.

ఆదివారం నిన్ను బస్సెక్కించడానికి మామ వెళ్ళాక అంగట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. మహితను చూసి రెండు నెలలయింది. ఆ తెర మీద నవ్వుతూ ఉందని తెలిసి ఊరికే ఉండలేకపోయాను. గోడమీద గడియారం చూశాను. రాహుకాలం వచ్చేసింది. తెలిసే చేశాను పాపా. ఒక్కసారి చూసి ఆపేస్తే ఏమవుతుందిలే అనుకుని, నువ్వు చూపించిన బొత్తాం నొక్కాను. నల్లటి తెరమీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు రెండు వరుసలు వచ్చాయి. మహిత రాలేదు. గోడకున్న స్విచ్చి ఆపేసి, లోపలికి పోయి బియ్యం ఏరుతూ కూర్చున్నాను. మామ వచ్చినా చెప్పలేదు.

సోమవారం పొద్దున రాహుకాలం పోయాక, తొమ్మిది దాటాక మామ ఆన్ చేస్తే అవే అక్షరాలు. పెళ్ళయి ముప్పై నాలుగేళ్ళు. కొత్త గిన్నె పొయ్యి మీద పెట్టాలన్నా వేళ చూసే మనిషిని నేను. అందరికీ చెప్పేదాన్ని నేనే చెడగొట్టాను. ఆయన ఖాళీ తెర ముందర కూర్చుని కీబోర్డు తుడుస్తున్నాడు. చూడలేకపోతున్నాను. ఆయనకు మాత్రం చెప్పవద్దు.

మీ ఓనరు మెచ్చుకున్నందుకు సంతోషం. ఇంతకాలం ఆయనకు నోరు రాలేదా.

నీ అత్త,
దేవకమ్మ


తిరుచానూరు,
7-7-2025.

అత్తకు,

నీ ఉత్తరం శనివారమే వచ్చింది. రాయడానికి ఆలస్యమైంది. మహితకు జలుబు చేసింది, ఇప్పుడు తగ్గింది. లాడ్జిలో వరసగా పెళ్ళివాళ్ళు దిగుతున్నారు. ఆషాఢంలో పెళ్ళేమిటంటే తమిళనాడు వాళ్ళంట, వాళ్ళ ఆషాఢమైన ఆడి నెల ఇంకా రాలేదంట.

మామ ఫోన్లో ఆ ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే చదివి వినిపించాడు. దాన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. కంప్యూటర్ ఆన్ చేయగానే అది ముందు ఒక చిన్న ముక్కను వెతుక్కుంటుంది. దాన్ని బూట్ పార్టిషన్ అంటారు. మిగతావన్నీ ఎక్కడున్నాయో దారి చెప్పేది ఆ ముక్కే. అది లేకపోతే అన్నీ ఉన్నా ఏమీ లేనట్టే. కొత్త డిస్కు మీద ఆ ముక్క లేదు. ఎందుకు లేదో వచ్చి చూస్తే గాని చెప్పలేను. మామ కార్డులు, టైపింగు ఎక్కడికీ పోలేదు, అది మాత్రం గట్టిగా చెప్పగలను.

ఈ ఆదివారం నాకు సెలవు లేదు. వచ్చే ఆదివారం కూడా అనుమానమే. అందాకా ఎవరినీ తాకనీయవద్దని మామకు మళ్ళీ చెప్పాను.

నువ్వు రాసిన సంగతి మామకు చెప్పను. నువ్వు దాని గురించే తలచుకుంటూ కూర్చోవద్దు. ఇక్కడ రెండు వరుసలు రాసి కొట్టేశాను, పట్టించుకోవద్దు. నిద్రమత్తులో ఏదో రాశాను.

పులుసన్నం ఎక్కువ తినవద్దు, నీ మోకాళ్ళకు మంచిది కాదు.

నవీన


చిత్తూరు,
11-7-2025.

నవీనా,

నువ్వు కొట్టేసిన వరుసలను కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టి చూశాను. ఒక్క మాట దొరికింది, "తప్పు" అని. మిగతాది నీ గీతల కింద పోయింది. నువ్వు నన్ను కోప్పడి రాసి, పెద్దదాన్నని మనసొప్పక కొట్టేశావు. నీ మంచితనం నాకు తెలుసు. కొట్టేయకపోయినా నేనేమీ అనుకునేదాన్ని కాదు. తప్పు చేసిన దాన్ని తప్పు అనక ఏమంటారు.

ఇక్కడ సంగతులు బాగాలేవు. శ్రావణం దగ్గర పడింది. సోమల గోవిందస్వామి ఇద్దరు కూతుళ్ళ పెళ్ళి కార్డులూ మన అంగట్లోనే వేయించాడు. ఇప్పుడు కొడుకు పెళ్ళి. మొన్న వచ్చి అరుగుమీద చాలాసేపు కూర్చుని, "నీకు బాగయ్యేదాకా ఆగితే సుట్టాలకు అందవప్పా" అని నొచ్చుకుంటూ లేచాడు. మామ ఆయన్ను వదులుకోలేక, తనే వెంటబెట్టుకుని కొత్తగా పెట్టిన ఫ్లెక్సీ అంగడికి తీసుకుపోయాడు. అక్కడ టైపు చేస్తున్న అమ్మాయి తప్పులు కొడుతుంటే మామ దిద్దుతూ నిలబడ్డాడట. ఆ అమ్మాయికి విసుగొచ్చి, "నువ్వే కొట్టుకో పెద్దాయనా" అని కీబోర్డు ఇటు జరిపింది. అక్కడ అక్షరాలు వేరే చోట ఉంటాయట కదా. "శ్రీరస్తు" అనే మాట కొట్టలేకపోయాడు మీ మామ. ఇంటికొచ్చి ఈ సంగతి నా చెవి దగ్గర నోరు పెట్టి తనే చెప్పాడు. చెప్పి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నేను మొక్కుకున్నాను. అలిపిరి నుంచి కొండకు ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టి నడుస్తానని. మిషను మళ్ళీ వెలగాలి, మీ మామ పని నిలబడాలి, అంతే అడిగాను. ఎందుకు మొక్కావని ఆయన అడిగితే మోకాళ్ళ నొప్పి పోవాలని అన్నాను. మోకాళ్ళ నొప్పి పోవడానికి మెట్లెక్కే మనిషిని ఇప్పుడే చూస్తున్నట్టు చూశాడు.

నువ్వు సెలవుకోసం ఓనరుతో తగువు పెట్టుకోవద్దు. సామి ఒప్పుకున్నాక అన్నీ అవే కుదురుతాయి.

దేవకమ్మ


తిరుచానూరు,
14-7-2025.

అత్తా,

నీ ఉత్తరం చదివి నిలవలేకపోతున్నాను. నువ్వు మెట్లెక్కవద్దు. డాక్టరు నిన్ను మేడ మెట్లే ఎక్కవద్దన్నాడు. పసుపు పెట్టాలంటే ప్రతి మెట్టుకూ వంగి లేవాలి. కొండకు బస్సులో పోదాం. నేను తోడొస్తాను, దర్శనం సంగతి హరి చూస్తాడు. మొక్కు కావాలంటే తరువాత తీర్చుకోవచ్చు, సామి ఎక్కడికీ పోడు.

ఇంకొక మాట. కంప్యూటర్‌కు రాహుకాలం తెలియదు అత్తా. నువ్వు ఏ వేళలో నొక్కినా అవే అక్షరాలు వచ్చేవి. నీవల్ల ఏదీ చెడిపోలేదు. నేను చెప్పేది నమ్ము. నేను కొట్టేసింది నిన్ను తిట్టిన మాట కాదు, నీమీద ఒట్టు. ఏమిటో వచ్చినప్పుడు చెబుతాను.

మామ ఫ్లెక్సీ అంగట్లో నిలబడిన సంగతి చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఆయన్ను ఇంకెక్కడికీ పోవద్దని చెప్పు. నేను త్వరలో వస్తాను.

నవీన


చిత్తూరు,
17-7-2025.

నవీనా,

కంప్యూటర్‌కు రాహుకాలం తెలియదని నాకు నేర్పుతున్నావు. పాలిటెక్నిక్ చదివిన మూడేళ్ళూ పరీక్షకు పోయేటప్పుడు వేళ చూసి నిన్ను గడప దాటించింది నేనే. అప్పుడు పరీక్షకు రాహుకాలం తెలియదని నువ్వు అనలేదు. నన్ను ఓదార్చడానికే రాశావు, అర్థం చేసుకోగలను. కానీ నా తప్పును లేదనిపించి ఓదార్చవద్దు. అది చిన్నపిల్లలకు చేసే పని.

మొక్కు అబద్ధం మీద నిలవదు. అందుకని నిన్న మామకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. రాహుకాలంలో నేను ఆన్ చేశానని, అప్పుడే చెడిందని. ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. లేచి ఇంట్లోంచి అంగట్లోకి పోయే తలుపు మూసి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఇన్నేళ్ళలో నేను ఇంట్లో ఉండగా ఆ తలుపుకు తాళం పడటం ఇదే. కార్డులు మడిచేదీ, అంచులకు పసుపు పూసేదీ నేనే కదా. ఇప్పుడు కాఫీ ఇవ్వాలన్నా కిటికీలోంచి ఇస్తున్నాను.

శనివారం సాయంత్రానికి మీ ఇంటికి వస్తాను. ఆదివారం తెల్లవారగానే మెట్లెక్కుతాను. ఈ ఉత్తరం నాకంటే ముందు చేరితే మంచిదే, లేకపోతే నన్ను చూసి బెదిరిపోవద్దు. పసుపు నేనే తెస్తున్నాను, మీ ఊర్లో దొరికేది మంచిది కాదు.

దేవకమ్మ


తిరుచానూరు,
24-7-2025.

అత్తా,

ఈ ఉత్తరం మామ కూడా చదవాలి. ముందు నువ్వు చదివి, తరువాత ఆయనకు ఇవ్వు.

మీ కంప్యూటర్ నీవల్ల చెడలేదు. నావల్ల చెడింది. బూట్ పార్టిషన్ అనే ఆ చిన్న ముక్క పాత డిస్కులో ఉంది. అన్నీ మార్చి, దాన్ని మార్చడం మరిచాను. రెండు డిస్కులూ ఉన్నప్పుడు కంప్యూటర్ పాతదాన్ని పట్టుకుని లేచి, కొత్తదానిలోకి వచ్చింది. అది చూసి అంతా బాగుందనుకున్నాను. పాత డిస్కు తీసుకుని వచ్చేశాను, తెల్లవారగానే తుడిచేశాను. ఓనరు దగ్గర మంచి అనిపించుకోవాలన్న తొందర తప్ప ఇంకేమీ లేదు. ఇప్పుడు దానిమీద మా లాడ్జి వరండా రికార్డవుతోంది. నువ్వు బొత్తాం నొక్కే వేళకు ఆ ముక్క నాతోపాటు బస్సులో ఉంది. నువ్వు శుభముహూర్తంలో నొక్కినా అది లేచేది కాదు.

ఇంతవరకే అయితే పొరపాటు అనుకోవచ్చు. ఆ సోమవారం నా మొదటి ఉత్తరం పోస్టులో వేశాక మామ ఫోన్ చేసిన నిమిషంలోనే నాకు కారణం తెలిసింది. డిస్కు తుడిచేశానని ఆయనకు చెప్పడానికి నోరు రాక, ఎవరినీ తాకనీయవద్దన్నాను. పక్కవీధి మనిషి చూస్తే అసలు సంగతి బయటపడుతుందని భయం. తరువాత నీ ఉత్తరం వచ్చింది. నువ్వు తప్పు నీదని రాశావు. ఆ రోజు నాకు కలిగింది జాలి కాదు అత్తా. ముందు కలిగింది ఊరట. అది రాయడానికి సిగ్గుగా ఉంది. ఉత్తరంలో నిజం రెండు వరుసలు రాసి, నేనే కొట్టేశాను. నీ తప్పు మామకు చెప్పనని రాశాను. లేని తప్పును దాచిపెడతానని మాటిచ్చాను.

పాత డిస్కు లేకపోయినా ఆ ముక్కను కొత్తదానిమీదే తయారుచేయవచ్చు. ఎలా చేయాలో నీ మొదటి ఉత్తరం వచ్చేసరికే తెలుసుకున్నాను. పెన్‌డ్రైవ్ ఒకటి సిద్ధం చేసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని తిరిగాను. సెలవు లేదని రాసింది అబద్ధం. అడగనే లేదు. నీతో చిత్తూరు రావడానికి సోమవారం సెలవు అడిగితే ఓనరు వెంటనే ఇచ్చాడు. మీ ముఖాలు చూడలేక రాలేదు, అంతే.

ఆదివారం మెట్లమీద చెప్పాలనుకునే నీతో బయలుదేరాను. నువ్వు పసుపు పెట్టే ప్రతి మెట్టు దగ్గరా ఇప్పుడు చెబుదామనుకున్నాను. నువ్వు వంగి, "నా తప్పు కాయి సామీ" అని, మోకాలు పట్టుకుని లేచేదానివి. నేను పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. నీకు ఏదైనా చెప్పాలంటే అరిచి చెప్పాలి. వెనుకా ముందూ జనం. నా తప్పును అంతమందిలో అరిచి చెప్పే ధైర్యం లేకపోయింది. గాలిగోపురం దగ్గర నువ్వు కూర్చున్నప్పుడు చెవి దగ్గరికి వంగాను కూడా. నువ్వు నావైపు తిరిగి, "అలిసిపోయినావా పాపా, పళ్ళెం నాకియ్యి" అన్నావు. అప్పుడు చెప్పలేకపోయిన దాన్ని ఇక ఎప్పుడు చెప్పగలను. మోకాళ్ళ పర్వతం దగ్గర నువ్వు నిజంగానే మోకాళ్ళమీద ఎక్కావు. నేను చూస్తూ ఊరుకున్నాను.

మరుసటి రోజు చిత్తూరులో నేను చేసిన పని అరగంట కూడా పట్టలేదు. తెర వెలిగింది. మామ నా తలమీద చేయి పెట్టి, "మా పాప చేతిలో విద్దె ఉండాది" అన్నాడు. నీవైపు చూసి, "ఇంగైనా నీ చేతులు ఊరకుండనీ" అన్నాడు. నీకు వినపడలేదు, నువ్వు నవ్వావు. ఆ నవ్వు నన్ను తిండి తిననీయడం లేదు. అప్పుడూ నోరు తెరవలేదు. నువ్వు పెట్టిన చీర కూడా తీసుకుని వచ్చాను. అది కట్టుకోలేను, బీరువాలోనే ఉంది.

నన్ను క్షమించమని అడగడం లేదు. మామ ఆ తాళంచెవి నీకివ్వాలి. అందుకే ఈ ఉత్తరం.

నవీన


చిత్తూరు,
29-7-2025.

నవీనా,

నీ ఉత్తరం శనివారం వచ్చింది. రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు కళ్ళద్దాలు తీసి తుడుచుకోవలసి వచ్చింది. తరువాత కిటికీలోంచి మామకిచ్చాను.

శ్రావణం కార్డులు నాలుగు పార్టీలవి ఉన్నాయి, ఆయన తలెత్తే తీరిక లేకుండా ఉన్నాడు. నీ కాగితం తీసుకుని నిలబడే చదివాడు. చదివాక బయటికొచ్చి, జేబులోని తాళంచెవి తీసి నా చేతిలో పెట్టి, వీధిలోకి వెళ్ళిపోయాడు. చీకటి పడ్డాక వచ్చాడు. "ఇంత చిన్న ముక్క చెప్పేదానికి మనకి బయపడిందా ఆ పిల్ల" అని నా చెవిలో అన్నాడు. చేతులు ఊరకుండనీ అని ఆయన నన్ను అన్నట్టు నీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు. నాకు వినపడని మాట నువ్వు రాసి వినిపించావు. అది నాకు బాధే. ఇప్పుడు ఆయనకు కూడా బాధే. ఆయనను ఇంకా కొన్నాళ్ళు అలాగే ఉండనిస్తాను.

నాకు కోపం వచ్చింది, రాలేదని రాయను. మిషను గురించి కాదు. డిస్కు తుడిచినందుకు కాదు. మా ఇంట్లో ఉండి చదువుకున్నావు, గిన్నెలు పగలగొట్టావు, మామ కళ్ళద్దాల మీద కూర్చున్నావు, ఏదీ దాచలేదు. ఇప్పుడు మేము నీకు ఎందుకు పరాయివాళ్ళమయ్యామో అర్థం కావడం లేదు. ఎవరి మెట్లో నేనెక్కాను, ఎవరి తప్పుకో నేను లెంపలేసుకున్నాను. మూడు రోజులు కాళ్ళు కిందపెట్టలేకపోయాను. నీకు బాధ కలగాలనే ఇది రాస్తున్నాను.

ఇంకొకటి ఉంది. అది రాయకూడదనుకున్నాను గాని, దాచడం వల్ల ఏమవుతుందో ఇప్పుడే చూశాం.

నాకు చెవులు లేవు గాని కళ్ళున్నాయి. ఆ రోజంతా నీ ముఖం చూస్తూనే ఉన్నాను. నువ్వు ఏదో చెప్పబోవడం, మింగడం, మళ్ళీ చెప్పబోవడం. హరినాథ్‌తో ఏమైనా అయిందేమో, ఒంట్లో ఏమైనా జబ్బేమో అని నాకు ఏవేవో ఆలోచనలు. అడిగితే నువ్వు చెప్పవని తెలుసు. అందుకని చివరి మెట్టు దగ్గర మిషను కోసం మొక్కలేదు. అది మరిచేపోయాను. "సామీ, ఈ పిల్ల గొంతులో ఏదో అడ్డం పడి ఉండాది, అది బయటికొచ్చేస్తే సాలు, మళ్ళా వచ్చి మెట్లెక్కుతాను" అని మొక్కాను.

బయటికొచ్చింది. మొక్కు తీర్చాలి. డాక్టరు కార్తీకం దాకా ఆగమన్నాడు. అప్పుడు వస్తాను. పసుపు నేనే తెస్తాను. వంగి పెట్టేది నువ్వు, పళ్ళెం పట్టుకునేది నేను. దారిలో ఏదైనా చెప్పాలనిపిస్తే అరిచి చెప్పు. జనం వింటే విననీ.

ఆ చీర కట్టుకో.

నీ అత్త,
దేవకమ్మ